జడలో దొరికిన మొక్క

కువైట్‌లో నేను ఇస్త్రీ చేయని గుడ్డ లేదు. బాబా తెల్ల దిష్‌దాషాలు, మామా అబాయాలు, పిల్లల యూనిఫారాలు, మగ అతిథులు కూర్చునే దివానియా గది తెరలు, మామాకు ఒళ్లు మండిన ఒకరోజు సాక్సులు కూడా. అయితే పాత న్యూస్‌పేపర్లు ఇస్త్రీ చేసిపెట్టమని అడిగిన మనిషి మాత్రం ఒక్కరే.

ఆమె మా మామా ఇంటి కింది వాటాలో అద్దెకుండేది. మామా అంటే నేను పనిచేసే ఇంటి యజమానురాలు, బాబా అంటే ఆమె భర్త, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లం అందరం ఇక్కడ అలాగే పిలుస్తాం. కింది వాటా ఆమెను నేను మేడమ్ అనేదాన్ని. ఆఫ్రికా ఖండం దక్షిణపు కొసనుంచి వచ్చిన మనిషి. పొడుగ్గా, నల్లగా, డెబ్బై దాటినా నిటారుగా ఉండేది. తెల్లబడిన జుట్టు తలకు అంటుకునేంత పొట్టిగా కత్తిరించుకునేది. మొక్కల శాస్త్రం చదివింది. వాళ్ల దేశంలో ఆ చదువులో అంత పైకి వెళ్లిన మొదటి నల్లజాతి ఆడమనిషి తనేనట. ఈ సంగతి ఆమె చెప్పలేదు, మామా చెప్పింది. కువైట్ ఎడారి మొక్కల మీద పనిచేయడానికి ఒక సంస్థ ఆమెను పిలిపించుకుంది. రోజూ మధ్యాహ్నం రెండు గంటలపాటు కిందికి వెళ్లి ఆమెకు సాయం చేయమని మామా నాకు చెప్పింది.

మొదటిరోజు నా చేతికి తడి పేపర్ల కట్ట ఒకటి ఇచ్చి ఇస్త్రీ చేయమంది. నేను ఆమె మొహం, పేపర్ల మొహం మార్చి మార్చి చూశాను. ముసలితనంలో కొందరికి ఇలాంటివి మొదలవుతాయని విన్నాను కానీ ఇంత త్వరగా నా నెత్తిన పడుతుందనుకోలేదు.

తర్వాత ఆమే చూపించింది. ఎడారిలో తెచ్చిన మొక్కను పేపర్ల మధ్య పరిచి, పైన చెక్కపలక పెట్టి, బెల్టుతో బిగించాలి. మొక్కలో నీరంతా పేపరు తాగుతుంది. ఆ పేపరు మర్నాడు మార్చకపోతే మొక్క నల్లబడి బూజు పడుతుంది. తీసిన పేపర్లు ఆరబెట్టి మళ్లీ వాడతారు. ఎండలో వేస్తే దుమ్ము పడుతుంది కాబట్టి ఇస్త్రీ చేయాలి. అరబ్బీ పేపరు మీద పెట్టె నడిపిస్తుంటే పచ్చి ఆకు వాసన, సిరా వాసన కలిసి పైకి లేచేవి. వారం తిరిగేసరికి ఆ వాసన కోసమే నేను మధ్యాహ్నం ఎప్పుడవుతుందా అని చూడటం మొదలుపెట్టాను.

మా ఇద్దరి మధ్య భాష ఒక కలగూరగంప. నా వంటింటి అరబ్బీ, ఆమె చదువుకున్న అరబ్బీ, నాకు సగం సగం అర్థమయ్యే ఇంగ్లీషు. అయినా ఆమె చెప్పిన కథలు నాకు ఒక్కటీ తప్పిపోలేదు.

వాళ్లమ్మ కూడా నాలాంటిదే, ఇళ్లలో పనిచేసేది. తెల్లవాళ్ల ఇంట్లో. ఆ ఇంటాయన మొక్కలు చదివే పెద్దమనిషి. ఆయన తెచ్చిన మొక్కలకు పేపర్లు ఇస్త్రీ చేయడం ఆ తల్లి పని. చిన్నప్పుడు మేడమ్ ఆ బల్ల కింద పడుకుని, పక్కన పారేసిన పేపర్ల మీద మిగిలిన మొక్కల మరకలు చూస్తూ, ఇది ఆకు, ఇది వేరు అని తనకు తాను చెప్పుకునేదట. బల్ల కిందనుంచి అమ్మ కాళ్లు మాత్రం కనిపించేవట.

"అమ్మ ఆ మొక్కల్ని ఎప్పుడూ చూడలేదు. పేపర్లే చూసింది. అందుకే నేను చూడాలనుకున్నాను" అంది.

పెద్దయ్యాక చదువుకోవడానికి మొక్కలు దాచే గదికి వెళ్తే, నువ్వు వెనక తలుపు నుంచి రా అన్నారట. అది ఊడ్చేవాళ్ల తలుపు. చాలా ఏళ్ల తర్వాత, దేశంలో తెల్లవాళ్ల పాలన పోయాక, అదే గదికి ఆమెను పెద్దను చేశారు. మొదటిరోజు ముందు తలుపు దగ్గర అందరూ పూలగుత్తి పట్టుకుని నిలబడితే, ఈమె వెనక తలుపు నుంచి లోపలికి వచ్చి వాళ్ల వెనక నిలబడిందట.

"ఎందుకు మేడమ్? నేనైతే ముందు తలుపు తన్నుకుంటూ వెళ్లేదాన్ని" అన్నాను.

"మా అమ్మ నడిచిన దారి అది. దాన్ని అవమానించడం నాకిష్టం లేదు" అంది. నేను ఇస్త్రీ పెట్టె మళ్లీ చేతిలోకి తీసుకున్నాను.

ఇక్కడా అలాంటివి జరుగుతూనే ఉండేవి. ఒకసారి పార్సిల్ తెచ్చినతను తలుపు తీసిన మేడమ్‌ను పైనుంచి కిందికి చూసి, లోపల పీట మీద కూర్చున్న నన్ను చూసి, "మామా ఎక్కడ?" అని ఆమెనే అడిగాడు. నాకు కోపం నషాళానికి ఎక్కింది. లేచి నాలుగు అనబోయాను. మేడమ్ నా వైపు తిరిగి, చేతులు కట్టుకుని, "మామా, మీకోసం ఎవరో వచ్చారు" అంది. నేను దర్జాగా లేచి వెళ్లి సంతకం పెట్టాను. అతను వెళ్లాక ఇద్దరం గోడ పట్టుకుని నవ్వాం. నవ్వి నవ్వి ఆమె కళ్లు తుడుచుకుంటూ ఉండిపోయింది.

ఆరిన మొక్కలన్నీ దజీజ్ అనే పేటలో ఒక గదికి చేరేవి. ఆ గది గోడౌన్ల మధ్య ఉండేది. ఒక పక్క కారు టైర్లు, ఇంకోపక్క బియ్యం బస్తాలు, మధ్యలో ఎప్పుడూ ఏసీ ఆడే మా మొక్కల గది. అక్కడ ఒక్కో మొక్కను అట్టకాగితం మీద పరిచి, జిగురు పెట్టి, లావు కాడలున్న చోట దారంతో కుట్టాలి. మేడమ్ వేళ్లు వణకడం మొదలయ్యాక ఆ కుట్టు నా చేతికి వచ్చింది. నేను సూది పట్టను. మా ఊళ్లో పూలు కట్టినట్టే దారం మెలిపెట్టి ముడి వేస్తాను. కాడ నలగదు, ముడి జారదు. మేడమ్ ఆ ముడిని భూతద్దం పెట్టి చూసింది.

"ఇంత బాగా పూలు కడతావు, నువ్వు పెట్టుకోగా చూడలేదే? పూలు పడవా?"

"నాకు పడతాయి మేడమ్. మా ఊళ్లో మనుషులకే పడవు" అన్నాను.

ఆమెకు అర్థం కాలేదు, నేనూ అప్పుడు విడమరచలేదు. మా ఆయన పోయిన పదో రోజున నాకు తల నిండా పూలు పెట్టారు, చేతుల నిండా గాజులు వేశారు. తర్వాత అన్నీ తీసేశారు. పెట్టడమే తీయడానికి. జడలోంచి ఆ మల్లెలు లాగుతుంటే వెంట్రుకలు కూడా ఊడి వచ్చాయి. ఆ నొప్పి నాకు ఆయన పోయిన నొప్పికంటే వేరేగా, ఇప్పటికీ విడిగా గుర్తుంది. అప్పటినుంచి పెళ్లిళ్లలో పూల పళ్లెం నా దాకా వచ్చి, నన్ను దాటి పక్కామెకు వెళ్తుంది. కువైట్ వస్తే ఎవరు చూస్తారు అనుకోవచ్చు. చూసే మనిషి ఉన్నాడు.

ఆయన మా మామా ఇంటి డ్రైవరు. రాయచోటి సాయిబు, మంచి మనిషి, నేను అన్నా అంటాను. కష్టమల్లా ఆయన ఇల్లు మా అత్తగారింటికి రెండు సందుల అవతల ఉండటం. రోజూ సాయంత్రం కారు తుడుస్తూ భార్యకు వీడియో కాల్ చేస్తాడు. నేను ఇక్కడ తుమ్మితే అక్కడ మా అత్త చిరంజీవ అనేంత దగ్గర. నా కూతురు మా అత్త దగ్గర పెరుగుతోంది. అందుకని నేను ఆయన ముందు నవ్వు కూడా కొలిచి నవ్వేదాన్ని.

మేడమ్‌కు కువైట్‌లో ఒక పని మిగిలిపోయి ఉందని నాకు దజీజ్ గదిలోనే తెలిసింది. అలమరాలో ఒక అట్ట ఖాళీగా ఉండేది. ఖాళీ అంటే పూర్తిగా కాదు, మధ్యలో మట్టిరంగు పొడి, రెండు దారాలు. చాలా ఏళ్ల కిందట, మొదటిసారి ఈ దేశం వచ్చినప్పుడు, ఆమె ఉత్తరాన రాతిగట్టు దగ్గర ఒక చిన్న మొక్క తెచ్చింది. ఆ మొక్క ఇక్కడ ఉన్నట్టు ఏ పుస్తకంలోనూ లేదట. పైకి, మొక్కల లెక్క తేల్చే పెద్దలకు, పంపేలోపు పెట్టెలో పురుగు పడి తినేసింది. ఆమె చేత్తో వేసుకున్న బొమ్మ ఒకటే మిగిలింది.

"బొమ్మ ఉంది కదా మేడమ్?"

"బొమ్మ ఎవరైనా వేస్తారు. మొక్క కావాలి. బొమ్మే పంపితే, పొరపాటు పడి ఉంటారని మర్యాదగా రాశారు" అంది. అట్టను మళ్లీ అలమరాలో పెడుతూ, "వేరేవాళ్లు చెప్తే ఒకసారి అడుగుతారు. నేను చెప్తే రెండుసార్లు అడుగుతారు. నాకు అలవాటే. కానీ ఇది ఒక్కటి సరిచేసి వెళ్లాలని ఉంది" అంది.

వెళ్లాలని అనడం ఉత్తమాట కాదు. సంస్థ పని అయిపోయింది. వేసవి మొదట్లో ఆమె ఇఖామా, అంటే ఇక్కడ ఉండే అనుమతి, ముగుస్తుంది, ఆ వయసులో మళ్లీ వచ్చేది లేదు. అంటే చేతిలో ఉన్నది ఒక్క వసంతం. ఆ చలికాలం అదృష్టంకొద్దీ వానలు బాగా పడ్డాయి. మామా శుక్రవారాలు కారునీ, డ్రైవరునీ, నన్నూ ఆమెకిచ్చేసింది. "గడ్డి కోసం ముగ్గురు మనుషులా?" అని నవ్వుతూనే ఫ్లాస్కులో టీ పోసి పంపేది.

అలా ప్రతి శుక్రవారం పొద్దున్నే వెళ్లేవాళ్లం. ఎడారి అంటే ఇసుకే అనుకుంటారు. వానలు పడ్డ ఏడాది చూడాలి. నువైర్ అనే పసుపు పూలు నేల మీద చాప పరిచినట్టు పూస్తాయి, కువైటీ పిల్లలు గంతులేస్తూ కోస్తారు. మేడమ్ కర్ర ఊతంతో వంగి వంగి నడిచేది. నేను ఒక పక్క, ఆమె ఒక పక్క. అన్న కారు దగ్గర నిలబడి, "దూరం పోవద్దండి, యుద్ధం నాటి బాంబులు యాడన్నా ఉంటాయి" అని అరుస్తూ ఉండేవాడు. ఎండెక్కేదాకా వెతికి, ఉత్త చేతులతో తిరిగివచ్చేవాళ్లం. ప్రతివారం ఆమె "వచ్చేవారం" అనేది. వారాలు తరిగిపోతున్నాయి. ఏప్రిల్ రాగానే వేడిగాలి మొదలైంది, పసుపు చాప అంచులనుంచి ఎండిపోతూ వచ్చింది. ఆమె "వచ్చేవారం" అనడం మానేసింది. అది మానేశాక కారులో నాకు కూర్చోబుద్ధి అయ్యేది కాదు.

ఇక్కడ నా తెలివి గురించి కూడా చెప్పాలి. మేడమ్ నాకు ఆ బొమ్మ చూపించింది. కాగితం నిండా అరచేయంత పువ్వు, అయిదు రేకులు. చిన్నది అని చెప్పింది. చిన్నదంటే మందారం కంటే చిన్నదనుకున్నాను. అది భూతద్దంలో చూసి వేసిన బొమ్మ అని నాకేం తెలుసు? నెలల తరబడి నేను అరచేయంత పువ్వు కోసం ఎడారి గాలిస్తూ ఉన్నాను.

ఆ చివరి శుక్రవారం మేడమ్ అలిసిపోయి ఒక రాయి మీద కూర్చుంది. నేను ఒంటేలుకు వెళ్లాల్సి వచ్చి ఒక గుట్ట వెనక్కి నడిచాను. ఎడారిలో ఆడదానికి గుట్ట దొరకడమే భాగ్యం. గుట్ట వెనక రాళ్ల మధ్య సన్నటి పల్లం, అందులో నీడ. వచ్చేటప్పుడు నా చెప్పు కింద ఏదో నలిగింది. వెంటనే వాసన లేచింది.

దవనం వాసన. అచ్చం దవనం కాదు, దాని చెల్లెలు అనుకోండి. మా ఊళ్లో శుక్రవారం సంతలో కనకాంబరాల మధ్య దవనం పెట్టి కట్టిన మాలలు అమ్మేవాళ్లు. మా ఆయన సైకిల్ హ్యాండిల్‌కి వేలాడదీసుకుని తెచ్చేవాడు. ఇంట్లోకి ఆయనకంటే ముందు ఆ వాసన వచ్చేది. కువైట్ ఎడారిలో, ఎవరూ లేని చోట, ఆ వాసన వస్తే నేనేం చేయాలి? కిందికి వంగి ఒక రెమ్మ తుంచాను. బూడిదరంగు ఆకులు, మధ్యలో ముక్కుపుడకంత ఊదారంగు పూలు. నా చెయ్యి నన్ను అడగలేదు. నేరుగా జడలోకి వెళ్లిపోయింది.

గుట్ట దిగి వస్తున్నంతసేపూ తల కొంచెం బరువుగా, ఒక పక్కకు వాలినట్టు అనిపించింది. రెమ్మకు బరువేముంటుంది? అయినా అనిపించింది. సంతోషంగా ఉంది, ఆ మాట ఎందుకు దాచాలి? అప్పుడు కారు కనిపించింది. అన్న అటు తిరిగి పక్క అద్దం తుడుస్తున్నాడు. చటుక్కున రెమ్మ లాగి పక్కన ముళ్లపొద వైపు విసిరేసి, కొంగు సర్దుకుని, ఏమీ ఎరగనట్టు వచ్చి, మేడమ్‌తో కలిసి కారెక్కాను.

హైవే ఎక్కాం. మేడమ్ నా పక్కన వెనక సీటులో కళ్లు మూసుకుని కూర్చుంది. ఏదో తట్టినట్టు ముక్కు ఎగబీల్చింది. కళ్లు తెరిచి నా వైపు తిరిగి, జడలోంచి ఏదో మెల్లగా తీసింది. రెమ్మ లాగినప్పుడు ఒక పువ్వు తెగి అక్కడే ఇరుక్కుపోయింది.

మెడలో వేలాడే భూతద్దం కంటికి పెట్టుకుంది. చాలాసేపు తీయలేదు.

"ఇదే" అంది. "ఇదే అది. ఎక్కడిది?"

అన్న ముందు సీటులో ఉన్నాడు. ఇంగ్లీషు, అరబ్బీ రెండూ ఆయనకు నాకంటే బాగా వచ్చు. నాకు మా అత్త మొహం కనిపించింది, నా కూతురు చెవిన ఎవరెవరో వేసే మాటలు వినిపించాయి. మీయమ్మ కువైట్‌లో పూలు పెట్టుకుని తిరుగుతోందంట.

"ఏమో మేడమ్. గాలికి ఎగిరొచ్చి పడిందేమో" అన్నాను.

ఆమె ఆ పువ్వును చూస్తూ మెల్లగా తలూపింది. "గాలి తెచ్చిందైతే దీనికి ఊరు లేదు. ఊరు లేని మొక్కను ఎవరూ లెక్కలోకి తీసుకోరు" అంది. నన్ను ఇంకేమీ అడగలేదు. అడిగి ఉంటే ఇంకో అబద్ధం ఆడేదాన్నేమో. కాగితం మడిచి అందులో పువ్వు పెట్టి, సంచిలో పెట్టుకుని, "ఫరవాలేదు. ఉందని నాకు తెలిసింది కదా. ఖలాస్" అని కిటికీ వైపు తిరిగింది. కొంతసేపటికి ఆమె భుజాలు కదలడం చూశాను. పార్సిల్ అతన్ని చూసి నవ్విన మనిషి, వెనక తలుపు నుంచి తలెత్తుకుని నడిచిన మనిషి, నా అబద్ధం పక్కన కూర్చుని చప్పుడు లేకుండా ఏడుస్తోంది.

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో చెప్పలేను. మా ఊరి మీద, ఆ పూల పళ్లెం మీద, ముందు కూర్చున్న ఆ అమాయకపు వీపు మీద.

"అన్నా, బండి తిప్పు" అన్నాను.

"ఏమాయ చెల్లీ, ఏమన్నా మరిసినారా?"

"ఆ పువ్వు నేను జడలో పెట్టుకుంటి. నిన్ను జూసి తీసి పారేస్తి. అది యాడ తుంచినానో మేడమ్‌కు చూపించల్ల. ఊర్లో ఎవురికి చెప్పుకుంటావో చెప్పుకో."

అన్న వెనక్కి తిరగలేదు.

"ముందర యూటర్న్ ఉండాది" అన్నాడు. అంతే అన్నాడు.

మేడమ్‌కు దారిలోనే అంతా చెప్పాను, గుట్ట వెనక్కి ఎందుకు వెళ్లానో కూడా. ఏడుపు మధ్యలో ఆమెకు నవ్వొచ్చింది. మళ్లీ అక్కడికి చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. ఆ పల్లం దగ్గర ఆమె కర్ర పక్కన పడేసి మోకాళ్ల మీద కూర్చుంది. ఆ మోకాళ్లు కూర్చోనిచ్చేవి కావు, ఆరోజు ఎలా వంగాయో తెలీదు. వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని మొక్కలు. ముట్టుకోలేదు, వాటి పక్కన నేల మీద అరచెయ్యి ఆనించింది. వాళ్ల భాషలో ఏదో అంది. అర్థం అడగలేదు, పిల్లలు ఇల్లు చేరినప్పుడు తల్లులు అనే మాటలా వినిపించింది.

ఫొటోలు తీసింది, చోటు ఫోనులో గుర్తు పెట్టుకుంది. నేను ఒక మొక్క పెరకబోతే చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఇన్ని తక్కువ ఉన్నప్పుడు తీయకూడదు."

"మరి ఆధారం?"

"నువ్వు తుంచింది ఉందిగా. దాన్ని వెతుకుదాం."

కారు ఆపిన చోట ముళ్లపొదల మధ్య ముగ్గురం వంగి వెతికాం. ఒక శాస్త్రవేత్త, ఒక పనిమనిషి, ఒక డ్రైవరు, విధవ పారేసిన పువ్వు కోసం. దొరికింది అన్నకు. పొద అడుగున, సగం వాడి ఉంది. ఆయన దాన్ని మేడమ్‌కు ఇవ్వలేదు. రెండు చేతుల్లో పెట్టుకుని తెచ్చి, "ఇదేనా చెల్లీ?" అని నాకు ఇచ్చాడు.

ఆ రెమ్మకు నేను వాడినన్ని పేపర్లు ఏ మొక్కకూ వాడలేదు. రోజుకు రెండుసార్లు మార్చాను. బాగా ఆరాక దజీజ్ గదిలో ఆ పాత అట్ట మీదే పరిచాం. జడలో ఉన్నప్పుడు వంగిన వంపు అలాగే నిలిచిపోయింది. ముడులు వేస్తుంటే కాడకు చుట్టుకుని నా వెంట్రుక ఒకటి కనిపించింది, తెల్లది. తీయబోతే మేడమ్ వద్దంది. "ఎక్కడినుంచి వచ్చిందో అది కూడా చెప్తుంది" అంది. కింద చీటీలో సేకరించినవారు అన్నచోట నా పేరు రాసింది, ఇంటిపేరుతో సహా. గుర్తుపట్టినవారు అన్నచోట తన పేరు. ఒంటేలు సంగతి రాయలేదని రెండుసార్లు అడిగి నిర్ధారించుకున్నాను.

ఆరోజే పదో రోజు సంగతి ఆమెకు పూర్తిగా చెప్పాను. ఆమె అడ్డు రాకుండా విన్నది.

"మా దగ్గర మొగుడు పోతే ఏడాది నల్లబట్టలు కట్టాలి. నేనూ కట్టాను, వాటితోనే పనికి వెళ్లాను. ఏడాది నిండిన రోజు మా అత్తే ఆ బట్టలు తీసుకుని మంటలో వేసింది. ఇక చాలు, అని చెప్పింది. అలా చెప్పడం మా దగ్గర పెద్దవాళ్ల పని. మీ దగ్గర ఇక చాలు అని ఎవరు చెప్తారు?"

"మా దగ్గర ఆ ఉద్యోగం ఇంకా ఎవరికీ ఇవ్వలేదు మేడమ్" అన్నాను.

ఇద్దరం నవ్వాం. తర్వాత నేను సరిగ్గా పడ్డ ముడినే విప్పి మళ్లీ వేశాను.

మేడమ్ వెళ్లేలోపే పైనుంచి జవాబు వచ్చింది. ఈసారి పొరపాటు అనలేదు. ఆ మొక్క కువైట్‌లో ఉన్నట్టు ఒప్పుకున్నారు. ఆమె ఆ సంగతి ఫోనులో వాళ్ల ఊరిలోని చెల్లెలికి చెప్తూ, మధ్యలో అమ్మ అనే మాట చాలాసార్లు అంది. అమ్మను పిలిచే మాట ఏ భాషలోనైనా ఇట్టే తెలిసిపోతుంది.

నేను మాత్రం ఊరినుంచి ఫోను వచ్చినప్పుడల్లా గుండె గుప్పిట్లో పెట్టుకుని ఎత్తేదాన్ని. మా అత్త పప్పు ధర చెప్పేది, అమ్మాయి చదువు చెప్పేది, పూల మాట ఎత్తేది కాదు. అన్న కూడా ఏమీ జరగనట్టే ఉండేవాడు. తెలిసీ దాస్తున్నారా, తెలియదా అన్నది నాకు తేలలేదు.

ఆమె ప్రయాణం మధ్యాహ్నం. మామా వాకిట్లో నిలబడి కళ్లు తుడుచుకుంది, ఖర్జూరాల డబ్బా ఇచ్చింది. నేను ఎయిర్‌పోర్టు దాకా వెళ్లాను. అన్న పెట్టెలు దించి, కారు ముందు సీటులోంచి ఒక ప్లాస్టిక్ సంచి తీశాడు. లోపల తడి గుడ్డలో చుట్టిన మల్లెపూలు. మిర్కాబ్ బజారులో మనవాళ్ల కొట్టుకు విమానంలో వచ్చే పూలు, పొద్దున్నే వెళ్లకపోతే దొరకవు.

"రెండు మూర్లు తెచ్చినా. ఒక మూర మేడమ్‌కు. ఒక మూర నీకు" అన్నాడు.

"నాకేంటికన్నా?" అన్నాను.

"ఆ పొద్దు నువ్వు గుట్ట దిగి వస్తాంటే అద్దంలో జూసినా చెల్లీ. ఊర్లో చెప్పేటోన్నయితే ఆ పొద్దే చెప్పింటా." ఆయన నన్ను చూడకుండా సంచి మడత పెడుతూ అన్నాడు. "ఎన్నేండ్లనమ్మా? ఇంగ చాలు."

మేడమ్ ఒకసారి ఆయన్నీ, ఒకసారి నన్నూ చూసి, "ఏమంటున్నాడు?" అంది. నేను చెప్పాను. ఆమె కర్ర నా చేతికిచ్చి, వణికే వేళ్లతో ఒక మూర పూలు నా జడలో తురిమింది. తన పొట్టి జుట్టులో పూలు నిలవవు కాబట్టి రెండో మూర నేను ఆమె మణికట్టుకు చుట్టి, మొక్కలకు వేసే ముడే వేశాను. ఆమె లోపలికి వెళ్లేటప్పుడు ఆ చెయ్యే ఎత్తి ఊపింది.

తిరిగి వచ్చేటప్పుడు నేను వెనక సీటులో కూర్చున్నాను. కారంతా మల్లెల వాసన. అన్న బండి స్టార్ట్ చేయబోయి ఆగి, చెయ్యి పైకెత్తి, ముందరి అద్దాన్ని మెల్లగా నా వైపు తిప్పాడు. నేను చూసుకునేదాకా బండి కదపలేదు.